కాన్‌స్టాంటినోపుల్ ముట్టడికి ముందు తిండి లెక్క

రాజ్యాన్ని, సైన్యాన్ని నడిపే కంప్యూటర్ ఆట యూరోపా యూనివర్సాలిస్ 4 కొత్తగా కొన్న తెలుగువారికి మొదట విజయనగరం మీదికే మనసు పోతుంది. అది సహజమే. అయినా సైన్యం సంఖ్య, సరఫరా, ఓడలు ఒకదానికొకటి ఎలా పగ్గాలు వేస్తాయో నేర్చుకోవాలంటే మొదట ఆటమన్ తుర్కులను ఎంచుకోండి. ఈ మూడూ ఒక్క యుద్ధంలోనే ఎదురవుతాయి. నేను రైల్వేలో సరుకు రవాణా లెక్కలు చూసి రిటైరైన మనిషిని. ఏ యుద్ధం చూసినా నా కన్ను ముందు బియ్యం బస్తాల మీదే పడుతుంది.

ఆట 1444 నవంబర్ 11న మొదలవుతుంది. ఆటమన్లు క్రైస్తవ సేనలను ఓడించిన వర్ణా యుద్ధం ముగిసిన మర్నాడన్నమాట. ఆటమన్ల భూములు జలసంధికి ఇటు అనటోలియాలో, అటు ఐరోపాలో ఉంటాయి. మధ్యలో బైజాంటియం, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యం, చేతిలో కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్). యుద్ధం ప్రకటించకముందే స్పేస్ బార్ నొక్కి ఆటను ఆపండి. అనటోలియాలో ఉన్న దళాలను ఐరోపా ఒడ్డుకు చేర్చిన తరువాతే ప్రకటించండి. అవతలి ఒడ్డు శత్రువుదై, జలసంధిలో శత్రు నౌకలు నిలిచి ఉంటే ఆట మీ సైన్యాన్ని దాటనివ్వదు. ఎంత పెద్ద సైన్యమైనా అక్కడ నిలబడి చూడవలసిందే.

ఇక అసలు విషయం. ఒక్కో దళం అంటే 1,000 మంది. ప్రతి ప్రాంతానికీ సరఫరా పరిమితి ఉంటుంది. ఎన్ని దళాలకు అక్కడ తిండి దొరుకుతుందో చెప్పే సంఖ్య అది. ప్రాంతం మీద నొక్కితే కనిపిస్తుంది. పరిమితి 20 ఉన్న చోట 30 దళాలను నిలిపారనుకోండి. ఆ నెల నష్టం గరిష్ఠంగా 5 శాతానికి చేరుతుంది. అంటే కత్తి దూయకుండానే 1,500 మంది పోతారు. కొత్తగా చేర్చుకోదగ్గ మనుషుల సంఖ్యే సైనికుల నిల్వ. ఖాళీ అయిన ఆ నిల్వ తిరిగి పూర్తిగా నిండాలంటే ఆటలో పదేళ్లు పడుతుంది. గెలిచిన యుద్ధం తరువాత కూడా కొన్ని రాజ్యాలు లేవలేకపోవడానికి కారణం ఇదే. ఈ శిక్ష ఇంత గట్టిగా ఉండటం నాకు ఎంతో నచ్చుతుంది. అది లేకపోతే ప్రతి ఆటా పెద్ద రాజ్యం చిన్న రాజ్యాన్ని మింగడంతోనే ముగిసిపోతుంది.

ఈ నష్టాన్ని ఆట ప్రతి నెలా ఒకటో తేదీన లెక్కిస్తుంది. అందుకే ఒకటో తేదీ నాటికి సైన్యాన్ని పక్కపక్క ప్రాంతాల్లో విడదీసి ఉంచండి. శత్రువు దగ్గరికి వచ్చినప్పుడు మాత్రమే కలపండి. పోరు ముగిసిన వెంటనే మళ్లీ విడదీయండి. ముట్టడి దగ్గర అవసరమైనంత మందినే ఉంచి, మిగిలినవారిని ఒక అడుగు వెనక్కి జరపండి. చలి తీవ్రంగా ఉండే ప్రాంతాల మీదికి శీతకాలంలో వెళ్లకండి.

ఓడల విషయంలో లెక్క వేరు. మధ్యధరా, నల్ల సముద్రం వంటి లోపలి సముద్రాల్లో గ్యాలీలకు, అంటే తెడ్లతో నడిచే యుద్ధ ఓడలకు, పోరాటబలం పెరుగుతుంది. పైగా అవి చవక. కాబట్టి ఇక్కడ డబ్బంతా భారీ నౌకల మీద పెట్టనక్కరలేదు. ఒక రవాణా నౌక ఒక్క దళాన్నే మోస్తుంది. పది దళాలను తీరానికి చేర్చాలంటే పది రవాణా నౌకలు, వాటికి కాపలాగా గ్యాలీలు కావాలి. సముద్రం దాటాలనుకునేవారి అత్యాశకు ఈ లెక్కే కళ్లెం.

కోటకు రేవు ఉండి, దాన్ని మీ ఓడలు దిగ్బంధించకపోతే, ముట్టడి ఎంత ముందుకు సాగిందో తేల్చడానికి ఆట వేసే పాచికలో 2 తగ్గుతుంది. ముట్టడి సాగిన ప్రతి నెలా సైన్యం కరుగుతూనే ఉంటుంది కాబట్టి ఆ 2 చాలా ఖరీదైనది. ఇక్కడ ఆట చరిత్రకు దగ్గరగా వస్తుంది. ఆటమన్ సుల్తాన్ రెండవ మెహమెద్ 1452లో బోస్ఫరస్ జలసంధి ఒడ్డున రుమేలీ హిసార్ కోట కట్టించి దారి బిగించాడు. 1453 ఏప్రిల్‌లో నగరం పక్కనున్న గోల్డెన్ హార్న్ అనే సముద్రపు పాయకు అడ్డంగా ఉన్న గొలుసును తప్పించి ఓడలను నేల మీదుగా లాగించాడు. మే 29న నగరం పడింది. ఆయన పెద్ద ఫిరంగులు మాత్రం మీకు వెంటనే దొరకవు. ఫిరంగి దళాలు సైనిక సాంకేతికత 7వ మెట్టులో వస్తాయి, మీరు మొదలుపెట్టేది 3లో. అంతవరకూ గోడలకు జవాబు దిగ్బంధమే.

బళ్లు, దారులు కంటికి కనబడాలనుకునేవారు రెండవ ప్రపంచ యుద్ధం మీది మరో ఆట హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4 చూడండి. 2021లో నో స్టెప్ బ్యాక్ అనే అదనపు భాగంతో వచ్చిన మార్పుల తరువాత అందులో సరఫరా కేంద్రాలు, రైలు మార్గాలు, రైళ్లు వచ్చాయి. నాకది పండగే. కానీ మొదటిసారి ఆడేవారికి అది భారం. యూరోపా యూనివర్సాలిస్‌లోలా ఒక్క సంఖ్యతో తేల్చే పాత పద్ధతిలోనే చేయి తిరుగుతుంది.

మళ్లీ మన ఆటకు వద్దాం. కాన్‌స్టాంటినోపుల్ చేజిక్కగానే ఓడలను రేవుకు పంపండి. అవి బాగయ్యేది అక్కడే. సైన్యాన్ని సొంత భూముల్లో పలచగా పరచి, నిల్వ నిండేదాకా ఆగండి. వెనిస్‌తో తలపడాలనుకుంటే ఈ విరామంలోనే గ్యాలీల సంఖ్య పెంచుకోండి.