తెర నిండా చేపలు, పెట్టె నిండా మంచు: లేక్ ట్రౌట్ పోటీలో సమస్య - పరిష్కారం

అమెరికాలోని మిచిగన్ సరస్సు పడమటి ఒడ్డున, మిల్వాకీ వైపు జరిగే వేసవి పోటీల్లో పదకొండేళ్లుగా జట్టు సభ్యుడిగా పడవ ఎక్కుతున్నాను. పోటీ ముగిసి తూకం వరుసలో నిలబడినప్పుడు ప్రతిసారీ ఎవరో ఒకరు అదే మాట అంటారు: "సోనార్ తెరమీద అడుగంతా చేపలే, ఒక్కటీ ఎర ముట్టలేదు." ఆ మాట అనేవారి కోసమే ఇది రాస్తున్నాను. డౌన్‌రిగ్గర్‌కు (కేబుల్ చివర బరువు వేలాడదీసి ఎరను లోతుకు దించే చక్రానికి) గుండు తగిలించడం, చేప లాగితే లైను వదిలే క్లిప్పులో లైను బిగించడం, పడవ నడుపుతూ ఎర లాగడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

లేక్ ట్రౌట్ పేరుకు ట్రౌటే గానీ నిజానికి చార్ అనే వేరే జాతి చేప. చల్లని నీరు దొరికితే తప్ప స్థిమితంగా ఉండదు. సుమారు 45 నుంచి 52 డిగ్రీల ఫారెన్‌హీట్ నీరు దానికి ఇష్టం. నీరు 39 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది కాబట్టి, జూలైలో సరస్సు పైపొర ఈతకు పనికొచ్చేంత వెచ్చబడినా అడుగు మాత్రం చల్లగానే ఉండిపోతుంది. అందువల్ల మన చేప నూరు, నూటయాభై అడుగుల లోతున నేలకు ఆనుకుని ఉంటుంది. మన చేతికీ దాని నోటికీ మధ్య అంత నీరు ఉందన్న సంగతి మరచిపోవడం వల్లనే ఈ పోటీల్లో సగం కష్టాలు వస్తాయి.

ముందుగా చూడవలసినవి

ఏ అనుమానమైనా రాకముందు రాడ్లన్నీ ఒకసారి పైకి చుట్టి చూడండి. ఈ మాట చెబితే "ఇప్పుడే వేశాం కదా" అంటారు. గడియారం చూస్తే నలభై నిమిషాలు దాటి ఉంటుంది. క్లిప్పు గట్టిగా బిగిస్తే, ముంజేయంత పొడవు పిల్ల చేప తగులుకున్నా లైను ఊడిరాదు, రాడ్ కొన వణకదు, ఆ పిల్ల చేప గుండు వెనక వేలాడుతూనే వస్తుంది. అది ఉన్నంతసేపు ఆ రాడ్ పోటీలో లేనట్టే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్లు, కొందరు గంటసేపు ఎర రంగులు మార్చి, చివరికి ఆ రాడ్ పైకి తీసినప్పుడు తలపట్టుకుంటారు.

వేసవి మధ్యలో ముళ్ల తోక ఉన్న సన్నని నీటి పురుగులు (వాటర్ ఫ్లీలు) లైనుకు పట్టి తడి దూదిలా ముద్దకడతాయి. వాటిని వేళ్లతో తుడిచేయకపోతే లైను రాడ్ ఉంగరాల్లో ఇరుక్కుంటుంది. ఎరను నీటిలోకి దించే ముందు పడవ పక్కన రెండు గజాల దూరం లాగి చూడండి. చేపను ఆకర్షించడానికి ఎరకు ముందు కట్టే డాడ్జర్ రేకు ఇటూ అటూ ఊగాలి; గిరగిరా తిరగకూడదు, చచ్చినట్టు వేలాడకూడదు. హుక్కు మొనను గోటిమీద ఆనించి జారిస్తే గుచ్చుకుని ఆగాలి. వీటన్నిటికీ కలిపి ఐదు నిమిషాలు చాలు. ఇవి చేయకుండా కింది భాగం చదవడం వృథా.

లక్షణం: చేపలు గుండు వెంట వస్తున్నాయి, కరవడం లేదు, పక్క పడవకు మాత్రం పడుతున్నాయి

నన్ను నిండా ముంచిన కారణం ఇదే కాబట్టి దీని గురించి తీరిగ్గా చెబుతాను.

కొన్నేళ్ల కిందట రెండు రోజుల పోటీ ఒకటి జరిగింది. మొదటిరోజు 140 అడుగుల లోతు గీత వెంబడి ఉత్తరం నుంచి దక్షిణానికి లాగుతూ వచ్చాం. ఉత్తరపు గాలి వీస్తోంది. అలలు వెనకనుంచి వస్తే పడవ మెత్తగా నడుస్తుంది కనుక ఆ దిక్కు మాకు సుఖంగా ఉంది. గీత చివరికి చేరగానే రాడ్లన్నీ పైకి తీసి, ఇంజన్ పెంచి మళ్లీ ఉత్తరానికి పరుగెత్తి, అక్కడ రాడ్లు దించి మళ్లీ దక్షిణానికి లాగేవాళ్లం. జీపీఎస్ వేగం గంటకు 2.3 మైళ్లు, పుస్తకంలో రాసినట్టుగా ఉంది. తెరమీద గుండు గీత వెనకే చేపలు లేచి, పదడుగులు వెంటవచ్చి, విసుగెత్తినట్టు తిరిగి నేలకు దిగిపోయేవి. సాయంత్రానికి మా పెట్టెలో ఒకే ఒక్క చేప ఉంది, మిగతాదంతా మంచు. మా పక్కనే తిరిగిన ఒక ముసలి కెప్టెన్ పడవ మొదటి స్థానంలో ఉంది.

ఆ రాత్రి రేవులో పడవ కడుగుతుంటే ఆయనే వచ్చి మా పడవ అంచుమీద కూర్చున్నాడు. మర్నాడు మేము ఓడించాల్సిన మనిషి. నేను అందరిలాగే ఏ రంగు ఎర వాడారని అడిగాను. ఆయన దానికి జవాబు చెప్పకుండా, "నువ్వు లాగేటప్పుడు కేబుల్ ఎంత వాలుగా ఉంది?" అని అడిగాడు. మా ఐదుగురిలో ఒక్కరికీ గుర్తులేదు, ఎందుకంటే ఒక్కరమూ దానివైపు చూడలేదు. "రేపు తెరమీద అంకె చూడకు, కేబుల్ చూడు" అని చెప్పి లేచి వెళ్లాడు.

విషయం ఇది. జీపీఎస్ చెప్పేది నేలతో పోలిస్తే పడవ వేగం. ఎరకు తెలిసేది తన చుట్టూ ఉన్న నీటితో పోలిస్తే తన వేగం. సరస్సు పైనంతా ఒక దిక్కుకు కదులుతుంటే అడుగున మరో దిక్కుకు కదలడం పెద్ద సరస్సుల్లో మామూలే, ఎందుకంటే గాలి పైనీటిని ఒక ఒడ్డుకు నెడితే ఆ లోటు తీర్చడానికి కింది నీరు కదలక తప్పదు. ఆరోజు ఉత్తరపు గాలి పైనీటిని దక్షిణానికి తోస్తోంది. అడుగునీరు గంటకు అర మైలుకు పైగా వేగంతో ఉత్తరానికి పోతోందని తర్వాత లెక్కగట్టుకున్నాం. దక్షిణానికి 2.3తో లాగుతున్న మా ఎర అడుగున దాదాపు 2.9తో పరుగెడుతోందన్నమాట. లేక్ ట్రౌట్ సోమరి చేప. నా అనుభవంలో దానికి 1.7 నుంచి 2.2 దాకా నచ్చుతుంది. 2.9 దగ్గర మా డాడ్జర్ ఊగడం మాని బొంగరంలా తిరిగి ఉంటుంది. అదే పడవ, అదే అంకెతో ఉత్తరానికి లాగి ఉంటే ఎరకు 1.7 వేగం దక్కేది. మేము ప్రతిసారీ ఆ దిక్కులో రాడ్లు లేకుండా ఖాళీగా పరుగెత్తాం.

దీనికి తోడు రెండో నష్టం ఒకటి ఉంది. అడుగునీరు ఎదురుగా తోస్తుంటే గుండు వెనక్కి, పైకి కొట్టుకుపోతుంది. డౌన్‌రిగ్గర్ కౌంటర్ మీద 138 అడుగులు అని కనిపిస్తుంది, కానీ అది వదిలిన కేబుల్ పొడవే తప్ప గుండు ఉన్న లోతు కాదు. నేలకు ఆనుకుని ఉన్న చేపకు పదడుగుల పైన, దానికి నచ్చని వేగంతో ఎర పోతుంటే, అది కాసేపు వెంటవచ్చి చూసి వెనక్కిపోవడం న్యాయమే.

రెండోరోజు మళ్లీ దక్షిణానికే లాగాం, కానీ కేబుల్ చూస్తూ. అది ముందురోజులా వెనక్కి వాలిపోకుండా కొద్దిపాటి వాలుకు వచ్చేదాకా వేగం తగ్గిస్తూ పోయాం. మా ఇంజన్ అంత నెమ్మదిగా నడవదు కాబట్టి, పడవకు అటొకటి ఇటొకటి గుడ్డ సంచులు నీటిలోకి వేలాడదీసి వేగానికి కళ్లెం వేశాం. తెరమీద అంకె 1.3కు దిగింది. అది చూసి మా కెప్టెన్ రెండుసార్లు వేగం పెంచబోయాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి. పదిహేను నిమిషాల్లో ఎడమవైపు రాడ్ కొన వంగింది, దాని వెంటనే రెండోది. మధ్యాహ్నానికి పెట్టె నిండింది. ముసలాయనే గెలిచాడు, అది వేరే సంగతి.

పరిష్కారం

పోటీ ముందురోజు సాధనలోనే ఈ పని చేయాలి. ప్రశాంతంగా ఉన్నప్పుడు, చేపలు బాగా పడుతున్న వేగంలో కేబుల్ నీటిని తాకే చోటును పడవ వెనక అంచు నుంచి చూసి, ఆ వాలును రంగు టేపుతో అంచుమీద గుర్తుపెట్టుకోండి. అదే బరువు గుండుతో, దాదాపు అంతే లోతులో ఉన్నంతవరకు ఆ గుర్తు పనికొస్తుంది. గుండు మారిస్తే కొత్త గుర్తు పెట్టాలి. ఆ తర్వాత ఏ దిక్కుకు లాగినా తెరమీద అంకెను కాక ఆ గుర్తునే నమ్మండి. కేబుల్ గుర్తుకన్నా వెనక్కి వాలితే ఎర మితిమీరి పరుగెడుతోంది. దాదాపు నిలువుగా నిలబడితే ఎర చచ్చినట్టు వేలాడుతోంది. పక్కకు వాలితే అడుగు ప్రవాహం అడ్డంగా పోతోంది, పడవ ముక్కును కొంచెం తిప్పి చూడాలి.

ఒకే గీతను రెండు దిక్కులా లాగండి, సుఖంగా లేని దిక్కులో కూడా. చేప పడినప్పుడు రంగుతోపాటు దిక్కు, వేగం, కేబుల్ వాలు రాసుకోండి. మా పుస్తకంలో దిక్కు గడి రంగు గడికన్నా ముందు ఉంటుంది.

మలుపుల్ని గమనించండి. పడవ మెల్లగా తిరిగేటప్పుడు లోపలివైపు ఎరలు నెమ్మదించి కిందికి దిగుతాయి, బయటివైపు ఎరలు వేగం పుంజుకుని పైకి లేస్తాయి. లోపలి రాడ్‌కు చేప పడితే వేగం తగ్గించమని, బయటి రాడ్‌కు పడితే పెంచమని చేపే చెబుతున్నట్టు. ప్రతి మలుపు తర్వాత గుండును నేల తాకేదాకా దించి, రెండు మూడడుగులు పైకి లేపండి. గుండు నేలకు తగిలి లేపే బురద లేక్ ట్రౌట్‌కు ఆసక్తి కలిగిస్తుంది కాబట్టి, అడుగున రాళ్లూ పాత ఓడల శిథిలాలూ లేనిచోట దానికి భయపడనక్కరలేదు. పది పౌండ్ల గుండు తరచూ కొట్టుకుపోతుంటే పన్నెండుకో పదిహేనుకో మారండి. గుండు దగ్గరి వేగాన్ని, ఉష్ణోగ్రతను పైకి పంపే పరికరాలూ ఉన్నాయి; ఖరీదు భరించగలిగితే కొనండి, కానీ అది పాడైన రోజున కేబుల్ చూడటం తెలిసి ఉండాలి.

ఇంకొక హెచ్చరిక. రేడియోలో ఎవరైనా "2.4తో పడుతున్నాయి" అంటే ఆ అంకెను మీ తెరమీద పెట్టుకోకండి. అది ఆయన దిక్కులో, ఆయన చోట, ఆయన నీటిలో నిజం. అడగవలసినవి మూడు: ఏ దిక్కుకు లాగుతున్నారు, కేబుల్ ఎలా ఉంది, నేలకు ఎంత ఎత్తున పడింది. రంగు అడిగినవారికి రంగే చెబుతారు, అందులో మోసమేమీ లేదు. కొన్ని పోటీల నియమాల ప్రకారం పోటీ సమయంలో ఇతర పడవలతో సమాచారం పంచుకోకూడదు కాబట్టి నియమావళి ముందే చదివి, ఆ ప్రశ్నలు ముందురోజు రాత్రి రేవులో అడగండి. నేను చూసినంతలో, బహుమతి డబ్బు కోసం పోటీపడే కెప్టెన్లే, తమ పడవ కడగడం ఆపి మరీ చెబుతారు. అయితే మీరు చూసినదాన్ని కూడా దాచకుండా చెప్పాలి. తీసుకుపోవడమే తప్ప ఇవ్వని పడవవైపు రెండో ఏడాది ఎవరూ రారు.

లక్షణం: పడవ దాకా వచ్చిన చేప జారిపోతోంది

కారణం ఎప్పుడూ ఒకటే: ఇద్దరు ఆజ్ఞలిస్తున్నారు. లేక్ ట్రౌట్ అంచు దగ్గర లైను చుట్టుకుంటూ దొర్లుతుంది, ఆ క్షణంలో ఒకరు "ఎత్తు" అని, మరొకరు "ఆగు" అని అరిస్తే చేతివల హుక్కుకు తగులుకుంటుంది. చేప పడగానే ఒక గొంతే వినిపించాలి, అది ఎవరిదో పొద్దున రేవులోనే తేల్చుకోవాలి. రాడ్ పట్టుకున్నవారు వెనక్కి నడవాలి. వల పట్టుకున్నవారు చేప తల వైపునుంచే తీయాలి, తోక వెంట తరమకూడదు. పోయిన చేప గురించి పడవలో మాట్లాడకండి, ఒడ్డుకు వచ్చాక మాట్లాడవచ్చు. చేప పోగొట్టిన కుర్రవాడిని వెంటనే తిడితే, తర్వాతి చేపకు అతని చేతులు బిగుసుకుపోతాయి. నేను ఆ కుర్రవాడిగా ఉన్నాను, తిట్టినవాడిగా కూడా ఉన్నాను.

లక్షణం: నిన్న ఉన్న చోట ఈరోజు చేపలే లేవు

రాత్రి గాలి చూడండి. దక్షిణం నుంచో పడమర నుంచో గట్టిగా వీస్తే ఈ ఒడ్డున పైని వెచ్చని నీరు సరస్సు మధ్యకు పోయి, అడుగు చలినీరు పైకి వస్తుంది. చేపలు గట్టువైపు, తక్కువ లోతుకు జరిగి ఉంటాయి. చేప కోసేటప్పుడు పొట్టలో ఏముందో కూడా చూడండి: అడుగున నేలమీద బతికే గోబీ చేపలుంటే నేలను వదలకండి, పైనీటిలో తిరిగే వెండి రంగు ఏల్‌వైఫ్ చేపలుంటే ఒక రాడ్ పైకి లేపి ప్రయత్నించండి.

అరుదైనవి

కేబుల్‌లో విద్యుత్తు వల్ల చేపలు బెదురుతున్నాయని అంటారు. పడవలో వైరింగు సరిగా ఉంటే దాని గురించి తలబద్దలు కొట్టుకోనక్కరలేదు. చంద్రుడి గురించి ఆలోచించేంత తీరిక పోటీలో ఉండదు. చేతులకు అంటిన సన్‌స్క్రీన్ వాసనే కారణమని ఎవరైనా అంటే సబ్బుతో కడుక్కోండి, అంతే. పడవలో అరటిపండు ఉంటే అరిష్టమని ఇక్కడ పాతవాళ్ల నమ్మకం. ఇంటి దగ్గర కట్టి పంపిన పెరుగన్నంతోపాటు ఒకటి వచ్చిందని తెలిసి మా కెప్టెన్ ఆరోజు రేవు దాటకముందే దాన్ని తీసేయించాడు. ఆరోజు కూడా కేబుల్ వాలు ఎవరూ చూడలేదు.