బుర్రకథ గొంతు పగలకుండా రికార్డు చేయడం: చవక కంప్రెసర్‌తో నా అనుభవం

భీమవరం దగ్గర మా ఇంటి స్టూడియోలో బుర్రకథ రికార్డు చేసినప్పుడల్లా లోగొంతు కథనం బాగానే వచ్చేది గాని, "తందాన తాన" అని వంత అందుకోగానే శబ్దం పగిలిపోయేది. మైకు మార్చడం, కళాకారులను వెనక్కి జరపడం, రికార్డయ్యాక సాఫ్ట్‌వేర్ కంప్రెసర్ (శబ్దం హద్దు దాటినప్పుడు దాన్ని తానే తగ్గించే సాధనం) వేయడం ఏవీ ఫలించలేదు. డిజిటల్‌గా మారేటప్పుడే తెగిన తరంగాన్ని తర్వాత అతికించలేము. అందుకే అంతకు ముందే శబ్దాన్ని అదుపు చేసే కంప్రెసర్ పెట్టె కొనాలనుకున్నాను.

గెయిన్ (శబ్దాన్ని పెంచే మోతాదు) ఎంత తగ్గుతోందో చూపే దీపాలు, అటాక్ (ఎంత త్వరగా తగ్గించాలో), రిలీజ్ (ఎంత త్వరగా వదలాలో) మీటలు తప్పనిసరి అనుకుని, రెండు చానళ్ల డిబిఎక్స్ 266ఎక్స్‌ఎస్ తీసుకున్నాను. ముందుగా మిక్సర్‌లో మైకు శబ్దాన్ని పెంచే ప్రీయాంప్ గెయిన్‌ను, గట్టిగా అరిచినా క్లిప్ దీపం (శబ్దం పగులుతోందని హెచ్చరించేది) వెలగనంతకు తగ్గించాను. అక్కడే పగిలితే కంప్రెసర్ చేయగలిగిందేమీ లేదు. తర్వాత చానల్ ఇన్సర్ట్‌లో (శబ్దాన్ని బయటి పరికరానికి పంపి తిరిగి తీసుకునే రంధ్రం) రెండు కొసలుగా చీలే వై కేబుల్ పెట్టి, టిప్ వైపు (శబ్దాన్ని పంపే) కొసను కంప్రెసర్ ఇన్‌పుట్‌కు, రింగ్ వైపుది (తిరిగి తెచ్చేది) అవుట్‌పుట్‌కు కలిపి, మిక్సర్ అవుట్‌పుట్‌ను ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని డిజిటల్‌గా మార్చి కంప్యూటర్‌కు పంపే పెట్టె) మైకు ఇన్‌పుట్‌కు కాక లైన్ ఇన్‌పుట్‌కు ఇచ్చాను. గేట్ (చిన్న శబ్దాలను మూసేసేది) ఆపి, ఆటో బటన్ నొక్కకుండా, నిష్పత్తి 3:1 (హద్దు దాటిన ప్రతి 3 డెసిబెల్స్‌కు 1 మాత్రమే బయటికి), అటాక్ మధ్యలో ఉంచి, కథనానికి దీపాలు వెలగకుండా, వంతకు మాత్రం 6 డెసిబెల్స్ వరకు తగ్గేలా త్రెషోల్డ్‌ను (తగ్గించడం మొదలయ్యే హద్దు) మెల్లగా దించాను. అవుట్‌పుట్ గెయిన్ కొద్దిగానే పెంచాలి, లేకుంటే రొయ్యల చెరువుల ఏరేటర్ల హోరు కూడా పైకొస్తుంది.

ఇన్సర్ట్ లేని మిక్సర్‌కు ఈ పద్ధతి కుదరదు. ఒకే స్థాయిలో సాగే లలితగీతాలకు దీని అవసరం ఉంటుందని కూడా నేననుకోను.