పాత జపాన్ కూపేకి టర్బో ఇంజన్ కడదాం – 4వ పాఠం: రింగు గ్యాపు

పోయిన పాఠంలో బ్లాక్‌ని బోరింగ్ షాపుకి పంపించి ఆపాం కదా, అది వచ్చేసింది. బాలానగర్‌లో చాచా దగ్గరికి బ్లాక్ తీసుకెళ్తే ఆయన అడిగిన మొదటి మాటే "పిస్టన్లు తెచ్చినవా బిడ్డా? పిస్టన్ చేతిల లేకుంట నేను బోరు కొయ్య" అని. అలా అడిగే మనిషి దొరికితే అస్సలు వదులుకోకండి, ఎందుకంటే ప్రతి పిస్టన్‌నీ మైక్రోమీటర్‌తో కొలిచి దానికి తగ్గట్టు హోనింగ్ (సిలిండర్ లోపలి గోడని రాళ్ళతో సన్నగా అరగదీయడం) చేసేవాడి చేతిలోనే టర్బో ఇంజన్ బతుకుతుంది.

కొత్తగా చేరినవాళ్ళ కోసం ఒక్క ముక్క. మన కారు నిస్సాన్ సిల్వియా ఎస్13, 1988లో వచ్చింది, 1991 నుంచి దానికి ఎస్ఆర్20డీఈటీ ఇంజన్ పెట్టారు. అల్యూమినియం బ్లాక్, లోపల ఇనుప లైనర్లు (సిలిండర్ గొట్టాలు), బోరు అంటే సిలిండర్ రంధ్రం వ్యాసం 86 మిల్లీమీటర్లు, స్ట్రోకు అంటే పిస్టన్ కదిలే దూరం కూడా 86, మొత్తం 1998 సీసీ, కంప్రెషన్ నిష్పత్తి 8.5, కంపెనీ లెక్కలో పవర్ 205 పీఎస్. మనం బోరు అర మిల్లీమీటర్ పెంచి 86.5 చేయించాం, అంటే ఇప్పుడు దాదాపు 2021 సీసీ. ఫోర్జ్‌డ్ (ఒత్తిడితో మలిచిన గట్టి) పిస్టన్లు, బూస్ట్ (టర్బో అదనంగా నెట్టే గాలి ఒత్తిడి) 1 బార్ దగ్గర ఆపుదాం అనుకున్నాం.

ఇవాళ్టి పని పిస్టన్ రింగుల కొసల మధ్య ఖాళీ, అంతే. పిస్టన్ చుట్టూ గాడుల్లో కూర్చుని, ఒకచోట తెగి ఉండే చుట్లే ఈ రింగులు, ఆ తెగిన చోటే గ్యాపు. ఒక్క ఖాళీకి ఒక పాఠం మొత్తం ఎందుకు అంటారేమో, నా మొదటి టర్బో ఇంజన్ పోయింది ఈ ఖాళీ దగ్గరే. రింగుల సెట్ డబ్బాలోంచి తీసి, కొత్తదే కదా కొలవడం ఎందుకని ఎలా ఉన్నవి అలా ఎక్కించేశాను, రెండు వారాలు బండి బ్రహ్మాండంగా నడిచింది, ఒకరోజు ఘట్‌కేసర్ దగ్గర ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) దిగేసరికి వెనక నీలం పొగ, ఐడిల్‌లో వణుకు. విప్పి చూస్తే మూడో సిలిండర్ పిస్టన్‌కి మొదటి రెండు రింగుల మధ్య ఉండే గట్టు విరిగి ముక్క లేచిపోయింది. పై రింగు రెండు కొసలూ అద్దంలా మెరుస్తున్నాయి, ఒకదాన్నొకటి గుద్దుకుని అరిగిన మెరుపు అది. ఆ రింగు ఇప్పటికీ నా టూల్ బాక్స్ మూత లోపల వేలాడుతూ ఉంటుంది.

ఎందుకలా అయిందో లెక్క వేద్దాం, ఇది అర్థమైతే మిగతాదంతా చేతిపనే. 86.5 బోరులో రింగు చుట్టుకొలత దాదాపు 272 మిల్లీమీటర్లు. ఉక్కు మీటరుకి ఒక్క డిగ్రీకి సుమారు 12 మైక్రాన్లు సాగుతుంది. సిలిండర్ గోడకంటే రింగు 100 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందనుకోండి, అది 0.33 మిల్లీమీటర్లు పొడవు పెరుగుతుంది. గోడ వెనక నీళ్ళు తిరుగుతున్నాయి కాబట్టి గోడ చల్లగానే ఉంటుంది, రింగు మాత్రం పిస్టన్ పక్కనే మంటకి దగ్గర్లో ఉంటుంది. బూస్ట్ పెంచితే గాలి ఎక్కువ, పెట్రోల్ ఎక్కువ, వేడి ఎక్కువ, నాక్ (పెట్రోల్ తనంతట తానే ముందుగా పేలడం) మొదలైందంటే ఇంకా ఎక్కువ. మనం వదిలిన ఖాళీ కంటే సాగుడు ఎక్కువైతే కొసలు తగులుకుంటాయి, రింగు పోవడానికి చోటు ఉండదు, గోడని పట్టేసుకుంటుంది, పిస్టన్ మాత్రం ఆగదు కదా, అప్పుడు గట్టు విరుగుతుంది.

మరి ఎంత వదలాలి? పిస్టన్ డబ్బాలో వచ్చే కాగితం ఏం చెబితే అదే ఫైనల్. రోడ్డు మీద తిరిగే మామూలు బూస్ట్ ఇంజన్‌కి ఎక్కువగా వాడే లెక్క పై రింగుకి బోరు × 0.005, రెండోదానికి బోరు × 0.0055. మనకైతే పైది 0.43, రెండోది 0.48. అడుగున ఉండే ఆయిల్ రింగులోని సన్న పట్టీలకి (రైల్స్) కనీసం 0.38 ఉంటే చాలు, వాటిని ఆకురాయితో రాయక్కర్లేదు, చూసుకుంటే సరిపోతుంది. రెండో రింగుకి ఎక్కువ ఎందుకంటే పై రింగు దాటి జారిన గ్యాసు రెండింటి మధ్య ఇరుక్కుంటే అది పై రింగుని గాడిలోంచి పైకి లేపుతుంది, దానికి కిందకి దారి వదలాలన్నమాట.

ముందు బోర్లు కడగండి. చాలామంది కిరోసిన్‌తో తుడిచి అయిపోయిందనుకుంటారు, హోనింగ్ రాయి పొడి దాంతో పోదు, వేడినీళ్ళు, సర్ఫ్, గట్టి నైలాన్ బ్రష్ కావాలి. కడిగాక వెంటనే ఆరబెట్టి ఇంజన్ ఆయిల్ ముంచిన తెల్లగుడ్డతో తుడవండి, గుడ్డ మీద బూడిద రంగు రావడం ఆగేదాకా. వానాకాలంలో అయితే ఫోన్ వచ్చిందని పక్కకి పోయారో, తిరిగొచ్చేసరికి లైనర్ మీద తుప్పు కనిపిస్తుంది.

ఇప్పుడు ఒకటో సిలిండర్‌లో పై రింగుని చేత్తో నొక్కి దించి, రింగుల్లేని పిస్టన్‌ని తలకిందులుగా పెట్టి 25 మిల్లీమీటర్ల లోతుకి సమంగా తోయండి. రింగు ఏ కొంచెం వంకరగా కూర్చున్నా కొలత తప్పు. తర్వాత ఫీలర్ గేజ్, అంటే ఒక్కో మందంలో ఉండే సన్న ఉక్కు ఆకుల కట్ట, దాని ఆకుని గ్యాపులో పెట్టి చూడండి. ఆకు కాస్త పట్టుకుని జారాలి, పుస్తకం పేజీల మధ్యలోంచి బస్ టికెట్ లాగితే ఎలా వస్తుందో అలా, వదులుగా పడిపోకూడదు, బలం పెట్టకూడదు.

ఫైల్ ఫిట్ (మనమే ఆకురాయితో రాసి సరిచేసుకునే) సెట్లలో గ్యాపు కావాలనే తక్కువ పెట్టి పంపుతారు, కాబట్టి కొసని రాయాలి. రింగు రాసే చిన్న చేతి మిషన్ రాణిగంజ్‌లో అడిగి చూడండి, దొరక్కపోతే సన్న పళ్ళ ఆకురాయిని వైస్‌లో బిగించి రింగుని దాని మీద కదపండి, ఆకురాయి కదలకూడదు. ఒక్క కొసనే రాయండి, రెండో కొస కంపెనీ కోసినట్టే ఉండాలి, సమంగా ఉందో లేదో పోల్చుకోవడానికి అదే ఆధారం. ఎప్పుడూ బయటి అంచు నుంచి లోపలికే, లేకపోతే రింగు ముఖం మీద కోటింగ్ పెచ్చులా లేస్తుంది. నాలుగైదు రుద్దులు, తుడుపు, కొలత, మళ్ళీ నాలుగైదు. గ్రైండర్ జోలికి మాత్రం వెళ్ళకండి దయచేసి. అయిపోయాక 400 నంబర్ పేపర్‌తో అంచు గరుకు తీసేయండి, వేలిగోరు అడ్డంగా లాగితే తట్టకూడదు.

మొత్తం 8 రింగులు, నాకు ఒక శనివారం సాయంత్రం మొదలుపెడితే రాత్రి 11 అయింది. చివర్లో చేయి అలిసి ఒకదాన్ని 0.47 దాకా తీసేశాను, పై రింగు. ఫరవాలేదు. కాస్త ఎక్కువైతే కొంచెం బ్లో బై (రింగు దాటి కిందకి జారే గ్యాసు) పెరుగుతుంది, తక్కువైతే పిస్టన్ పోతుంది, ఈ రెండింట్లో నేనైతే ఎప్పుడూ ఎక్కువ వైపే ఉంటాను.

ఏ సిలిండర్‌లో కొలిచిన రింగు ఆ సిలిండర్‌కే. బోరు వ్యాసం 0.01 పెరిగితే గ్యాపు 0.03 పెరుగుతుంది (π రెట్లు, అంటే 3.14), కాబట్టి మార్చి ఎక్కిస్తే కష్టం వృథా. నేను అట్టముక్కకి నాలుగు మేకులు కొట్టి, కింద నంబర్లు వేసి, రెండేసి రింగులు తగిలిస్తాను.

ఇంటి పని కూడా ఈ 3.14తోనే. ఒక రింగుని పైన ఓసారి, అడుగున ఓసారి పెట్టి రెండు గ్యాపులు కొలిచి నోట్ చేసుకోండి, తేడాని 3.14తో భాగించండి, వచ్చిందే మీ బోరు టేపర్, అంటే పైనా అడుగునా వ్యాసంలో తేడా. 0.06 తేడా వస్తే టేపర్ దాదాపు 0.02, తాజాగా హోన్ చేసిన బోరుకి అది ఎక్కువే, బ్లాక్ తీసుకుని షాపుకి తిరిగి వెళ్ళాల్సిందే. నాలుగు సిలిండర్లదీ పెన్నుతో అట్ట మీదే రాసుకోండి. 5వ పాఠంలో రింగులు పిస్టన్‌కి ఎక్కిస్తాం, రింగ్ కంప్రెసర్ ఒకటి తెచ్చి పెట్టుకోండి, 86.5కి సరిపోయేది.