మెడలో ఓపీఎల్ఎల్: కొలతకు సీటీ, వెన్నుపాముకు ఎమ్మారై

మెడ వెన్నుపూసల వెనక గోడను అంటిపెట్టుకుని దిగే లిగమెంటు (పోస్టీరియర్ లాంగిట్యూడినల్ లిగమెంట్) ఎముకగా మారడమే ఓపీఎల్ఎల్. ఎమ్మారై ఒక్కటే చూసి రిపోర్టు రాస్తే ఇది డిస్క్ ఉబ్బుగా చలామణీ అయిపోతుంది. టీ2 రకం ఎమ్మారై బొమ్మలో ఎముకైన లిగమెంటూ నలుపే, ఊరికే దళసరెక్కిన లిగమెంటూ నలుపే. లోపల మజ్జ ఏర్పడితే ఆ కొవ్వు టీ1 రకం బొమ్మలో తెల్లగా మెరిసి మరింత తికమక పెడుతుంది.

ముందు పక్కవాటు ఎక్స్‌రే. రోగిని నిలబెట్టి, చూపు తిన్నగా ఉంచి, 180 సెం.మీ. దూరం నుంచి తీయాలి. భుజాలు దించి ఊపిరి పూర్తిగా వదలమనండి. మెడ చివరి పూస సీ7 భుజాల చాటున పోతే, కింద చెప్పే కే-లైన్ గీయలేం. మెడను బలవంతంగా వెనక్కి వంచొద్దు. వెన్నుపాము ఉండే కాలువ ఇరుకైనచోట ఆ వంపే వెన్నుపామును నలిపేస్తుంది.

సీటీకి కాంట్రాస్ట్ అక్కర్లేదు. పుర్రె అడుగు నుంచి ఛాతీ మొదటి వెన్నుపూస టీ1 దాటేదాకా, 1 మి.మీ. లేదా అంతకన్నా పలుచటి స్లైసులు, బోన్ కెర్నెల్ (ఎముక అంచుల్ని పదునుగా చూపే సెట్టింగు). ఆక్సియల్ బొమ్మల్ని కాలువకు లంబంగా మళ్లీ కోయాలి. ఏటవాలుగా కోస్తే మందం లేనిపోనిది పెరుగుతుంది. విండో (బొమ్మలో నలుపు-తెలుపుల పరిధి) వెడల్పు 2000 దగ్గర పెట్టండి. సాఫ్ట్ టిష్యూ విండోలో ఎముక అంచు ఉబ్బి కనిపిస్తుంది, ఎక్కువ తప్పులు ఇక్కడే.

ఎముకైన లిగమెంటు బాగా దళసరిగా ఉన్నచోట దాని మందాన్ని అక్కడి కాలువ ముందువెనకల కొలతతో భాగించి 100తో హెచ్చించండి: 12 మి.మీ. కాలువలో 6 మి.మీ. ఉంటే 50 శాతం. 60 దాటితే సర్జన్లు తరచూ ముందువైపు ఆపరేషన్‌కే మొగ్గుతారు. ఎక్స్‌రేలో సీ2, సీ7 దగ్గర కాలువ నడిమధ్యలను కలిపే గీతే కే-లైన్. ఎముక దాన్ని దాటి వెనక్కొస్తే లామినోప్లాస్టీ (వెనకవైపు నుంచి కాలువను వెడల్పు చేసే ఆపరేషన్) ఫలితం అంతంతమాత్రం.

సీటీలో రెండు తెల్ల గీతల నడుమ నల్లగీత కనిపిస్తే మాత్రం రిపోర్టులో తప్పక రాయండి. డ్యూరా (వెన్నుపామును చుట్టి ఉండే పొర) కూడా ఎముకై ఉండొచ్చు; ముందు నుంచి తీసేటప్పుడు అది చిరిగి సీఎస్‌ఎఫ్ (వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం) కారే ముప్పుంది.

ఎమ్మారైలో చూడాల్సింది వెన్నుపాము: ఎంత నలిగింది, టీ2లో తెల్లబడిందా. గ్రేడియంట్ ఎకో రకం ఎమ్మారై బొమ్మల్లో ఇరుకు ఎక్కువ చేసి కనిపిస్తుంది గనక కొలతకు అది వాడొద్దు.

నల్లగొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరైడ్ ఊళ్ల నుంచి వచ్చినవారైతే వెన్నుపూసలు మరీ తెల్లగా ఉన్నాయేమో, ముంజేతి ఎముకల మధ్య పొర గట్టిపడిందేమో చూడాలి; అవి ఫ్లోరోసిస్ గుర్తులు. వీళ్లకు మెడతో ఆగకుండా వెన్నంతా స్క్రీన్ చేయండి. ఛాతీ కింది పూసలు టీ10–టీ12 దగ్గర లిగమెంటమ్ ఫ్లేవమ్ (కాలువ వెనకవైపు లిగమెంటు) ఎముకై ఉంటే, మెడ ఆపరేషన్ అయ్యాక కూడా కాళ్ల బిగువు తగ్గదు.