నవల నుంచి తెరకు – 3వ పాఠం: అనుమానాన్ని కంటికి చూపించడం

పోయిన పాఠంలో మీరు ఎంచుకున్న నవలను సీన్లుగా విడగొట్టాం. 'అనుకుంది', 'అనుమానం వచ్చింది', 'భయమేసింది' లాంటి మాటల కింద గీతలు గీసి ఉంచమన్నాను. సైకలాజికల్ థ్రిల్లర్ అయితే పేజీకి నాలుగైదు గీతలైనా పడి ఉంటాయి. ఈసారి పనంతా వాటితోనే.

కొత్తగా స్క్రీన్‌ప్లే రాసేవాళ్లు ఇక్కడ వాయిస్ ఓవర్, అంటే పాత్ర మనసులో మాట వెనకనుంచి వినిపించే గొంతు, పెట్టేస్తారు. వద్దు. పాత్ర తన భయాన్ని తానే చెప్పేసుకుంటే చూసేవాడికి ఊహించే పని ఉండదు. టెన్షన్ అక్కడే పోతుంది.

అభ్యాసం కోసం నేను రాసిన ఈ నాలుగు వాక్యాలు చూడండి:

"బ్యారేజీ దాకా నడిచొచ్చానన్నాడు మూర్తి. సరళ నమ్మలేదు. అబద్ధమని ఆమెకు తెలుసు. ఎందుకు ఆడుతున్నాడో తెలియకే భయమేసింది."

ఇందులో కెమెరాకు దొరికేది మొదటి వాక్యం ఒక్కటే. మిగతా మూడూ సరళ బుర్రలో ఉన్నాయి. వాటిని బయటికి తెద్దాం.

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక అపార్ట్‌మెంట్. ఉదయం. కిటికీ బయట వాన కురుస్తూనే ఉంది. మూర్తి లోపలికొచ్చి గొడుగు సరళ చేతికిస్తాడు. "బ్యారేజీ దాకా వెళ్లొచ్చా. కాఫీ పెట్టు." గదిలోకి వెళ్లిపోతాడు. సరళ గొడుగు తడిమి చూస్తుంది. పొడిగా ఉంది. గుమ్మంలో విడిచిన చెప్పులూ పొడిగానే ఉన్నాయి. వంటింట్లో అత్తగారి అలికిడి. సరళ గబగబా గొడుగును కుళాయి కింద పెట్టి తడిపి, నీళ్లు కారుతుండగా బాల్కనీలో తగిలిస్తుంది.

'నమ్మలేదు' అన్న మాట ఎక్కడా రాయలేదు. పొడి గొడుగుతో అబద్ధం బయటపడింది, మూర్తి అసలు ఆ బిల్డింగే దాటలేదన్న సంగతీ తెలిసింది. నాకు ముఖ్యమనిపించేది మాత్రం గొడుగు తడపడం. భర్త అబద్ధాన్ని ఆమె ఎందుకు కాపాడింది? ఇప్పుడు మన అనుమానం ఆమె మీదికి కూడా మళ్లింది. మూలంలో లేని పనే, అయినా మూలంలోని భయం నుంచే పుట్టింది. అలాంటి చేర్పుకు నేను ఎప్పుడూ ఒప్పుకుంటాను.

రాబర్ట్ బ్లాక్ 1959లో రాసిన 'సైకో' నవలను హిచ్‌కాక్ 1960లో సినిమా తీశాడు. నవలలో మోటెల్ నడిపే ప్రధాన పాత్ర నార్మన్ నలభై ఏళ్ల లావుపాటి మనిషి. అతని ఆలోచనల్లోకి మనం నేరుగా వెళ్తాం కాబట్టి రూపం ఎలా ఉన్నా పక్కనే నడుస్తాం. సినిమాలో ఆ దారి లేదు. అందుకే సన్నగా, బిడియంగా ఉండే ఆంథొనీ పెర్కిన్స్‌ని తీసుకున్నారు. చూడగానే జాలి కలిగే ముఖం అది. ఇక నార్మన్ తల్లి మాటలు. పుస్తకంలో కొటేషన్లలో అచ్చువేస్తే చాలు, నమ్మేస్తాం. తెర మీద ఆమె ముఖం కనపడకూడదు. నార్మన్ తల్లిని మెట్ల మీదుగా కిందికి మోసుకెళ్లేటప్పుడు కెమెరా పైకప్పు దాకా లేచి అక్కణ్నుంచి చూస్తుంది. చూడనివాళ్లుంటారు కాబట్టి కారణం చెప్పను. ఆ షాట్ కోసమైనా సినిమా చూడండి.

ఈ వారం పని: నెహ్రూ బస్ స్టేషన్లో ఒక అరగంట కూర్చోండి. ఎదురుచూసేవాళ్ల చేతులు ఏం చేస్తున్నాయో గమనించండి. తర్వాత మీరు గీత గీసిన ఒక వాక్యాన్ని అరపేజీ సీనుగా రాయండి. మనసులోని మాట ఒక్కటీ ఉండకూడదు. ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించి, "ఈమె ఏం దాస్తోంది?" అని అడగండి. రెండు వేర్వేరు జవాబులు వస్తే సీను అలాగే ఉంచండి. "ఏమీ దాయట్లేదే" అంటే సీన్లో గొడుగులా వాడిన వస్తువును మార్చి మళ్లీ రాయండి.