మధ్యాహ్నం ఆగిపోయే సోలార్ ఇన్వర్టర్: నా అనుభవం

ఎండ మండుతున్నప్పుడే ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే 5 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ 'గ్రిడ్ ఓవర్ వోల్టేజ్' (లైన్‌లో వోల్టేజ్ మరీ ఎక్కువ) అని చూపించి ఆగిపోయేది. ప్యానెళ్లు కడగడం, ఎంసీబీ మార్చడం, రీస్టార్ట్ చేయడం, అన్నీ దండగే.

పూర్తి ఉత్పత్తి ఉన్నప్పుడు రెండు చోట్ల కొలిస్తే నెట్ మీటర్ (తీసుకున్న, బయటికి పంపిన కరెంటును లెక్కించే మీటర్) దగ్గర 247 వోల్టులు, ఇన్వర్టర్ దగ్గర 254. ఆ 7 వోల్టులూ కేబుల్‌వే: 35 మీటర్ల పొడవున 4 చదరపు మి.మీ. రాగి తీగ, అందులో దాదాపు 20 ఆంపియర్లు. (కరెంటు బయటికి పంపేటప్పుడు ఇన్వర్టర్ వైపు వోల్టేజ్ పెరుగుతుంది, చాలామంది పొరబడేది ఇక్కడే.) ముందు ఏసీ, తర్వాత డీసీ ఐసొలేటర్ (కరెంటు తెంచే స్విచ్) ఆపి, లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో 10 చదరపు మి.మీ. రాగి కేబుల్ వేయించి, తీగ కొనలకు కొత్త లగ్గులు (లోహపు తొడుగులు) నొక్కి బిగించేలా క్రింప్ చేయించాను. తేడా 3 వోల్టులకు దిగింది, ట్రిప్పులు (ఇన్వర్టర్ దానంతటదే ఆగిపోవడాలు) ఆగాయి.

అందరికీ ఇదే మందు కాకపోవచ్చు. మీటర్ దగ్గరే వోల్టేజ్ ట్రిప్ పరిమితి 253 దాటుతుంటే కేబుల్ మార్చి లాభం లేదు, డిస్కంకు (విద్యుత్ పంపిణీ సంస్థకు) ఫిర్యాదు రాయాల్సిందే. ఆ పరిమితిని మాత్రం ఇన్వర్టర్ సెట్టింగుల్లో సొంతంగా పెంచొద్దు.