పాత సూపర్‌ఛార్జ్డ్ ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్ మెలి కంపనాన్ని పరిశీలించే విధానం

1920లు, 30ల నాటి సూపర్‌ఛార్జ్డ్ ఇంజన్‌ను (గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే సూపర్‌ఛార్జర్ ఉన్నదాన్ని) విప్పి మళ్ళీ బిగించేటప్పుడు, పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్‌ను బ్యాలెన్సింగ్ యంత్రం మీద తిప్పించి అంతటితో పని ముగిసిందనుకునేవారు చాలామంది. ఆ యంత్రం తేల్చేది షాఫ్ట్ బరువు అన్ని వైపులా సమంగా ఉందా లేదా అన్నంతవరకే. సిలిండర్‌లో ఇంధనం పేలిన ప్రతిసారీ షాఫ్ట్ కొద్దిగా మెలితిరిగి వెనక్కి రావడం వల్ల పుట్టే కంపనం దానికి అందదు. సూపర్‌ఛార్జర్ సిలిండర్‌లో పీడనాన్ని పెంచుతుంది కాబట్టి ఆ మెలి మరింత బలంగా ఉంటుంది.

ముందుగా సూపర్‌ఛార్జర్ ఎక్కడి నుంచి తిరుగుతున్నదో చూడాలి. షాఫ్ట్ వెనుక కొనన ఉండే బరువైన చక్రం (ఫ్లైవీల్) దాదాపు నిలకడగా తిరుగుతుంది గనుక, దానికి దూరంగా ఉన్న ముందు కొనలోనే ఊగు ఎక్కువ. 1929 నాటి బ్లోయర్ బెంట్లీలో సూపర్‌ఛార్జర్‌ను అమర్చింది సరిగ్గా ఆ కొనకే. 1931 నాటి ఆల్ఫా రోమియో 8సీ 2300లో దాని రూపకర్త విట్టోరియో యానో షాఫ్ట్‌ను రెండు సగాలుగా చేసి, మధ్యలోని గేర్ల నుంచే కవాటాలను తెరిచే క్యామ్‌షాఫ్ట్‌లనూ సూపర్‌ఛార్జర్‌నూ తిప్పాడు. ఆ కాలపు పరిష్కారాల్లో నాకు అన్నిటికంటే చక్కగా తోచేది ఇదే. ముందు కొన నుంచి తిరిగే ఇంజన్‌లో గేరు పళ్ళను వెలుతురులో పట్టి చూడండి: బరువు మోసే ముఖంతో పాటు వెనుక ముఖం కూడా అరిగి మెరుస్తుంటే, ఆ పళ్ళు ముందుకూ వెనక్కూ కొట్టుకుంటున్నాయన్నమాట.

తరువాత షాఫ్ట్‌ను శుభ్రంగా కడిగి, అయస్కాంత పొడి పద్ధతిలో (షాఫ్ట్‌ను అయస్కాంతంగా మార్చి, చల్లిన ఇనుప పొడి ఎక్కడ పోగవుతుందో చూసి) పగుళ్ళు వెతికించాలి. మెలి వల్ల వచ్చే పగులు సాధారణంగా ఆయిల్ రంధ్రం అంచున మొదలై, షాఫ్ట్ పొడవుకు సుమారు 45 డిగ్రీల వాలులో సాగుతుంది. జర్నల్ (బేరింగులో తిరిగే నున్నని భాగం) పక్క గోడను కలిసే మూలలోని గుండ్రదనాన్ని గ్రైండింగ్‌లో పోగొట్టనివ్వకూడదు. గ్రైండింగ్ అయ్యాక పగుళ్ళ పరీక్ష మళ్ళీ చేయించాలి.

ఏ వేగాలు ప్రమాదకరమో కూడా లెక్క వేసుకోవాలి. నాలుగు స్ట్రోకుల ఆరు సిలిండర్ల ఇంజన్‌లో చుట్టుకు మూడు పేలుళ్ళు జరుగుతాయి. షాఫ్ట్ సహజంగా సెకనుకు 200 సార్లు, అంటే నిమిషానికి 12,000 సార్లు కంపిస్తుందనుకుంటే, 4,000 చుట్ల వద్ద మూడవ ఆర్డర్ (చుట్టుకు మూడు ఊపులు), 2,000 వద్ద ఆరవ ఆర్డర్ (చుట్టుకు ఆరు ఊపులు) దానితో కలుస్తాయి. ఆ వేగాలను త్వరగా దాటించాలే తప్ప అక్కడ నిలిపి నడపకూడదు.

చివరిది డ్యాంపర్, అంటే కంపనాన్ని అణచే పరికరం. లాంచెస్టర్ తరహా డ్యాంపర్‌లో ఒక చిన్న చక్రం స్ప్రింగుల ఒత్తిడితో ప్లేట్ల మధ్య జారుతూ, ఆ రాపిడిలో కంపన శక్తిని హరిస్తుంది. డ్యూసెన్‌బర్గ్ అయితే పాదరసం నింపిన గొట్టాలను షాఫ్ట్‌కే బిగించింది. ప్లేట్లు తుప్పుతో అతుక్కుపోతే చక్రం షాఫ్ట్‌కు అదనపు బరువుగా మిగిలి, సహజ కంపన సంఖ్యను తగ్గించి, ప్రమాదకర వేగాన్ని మరింత కిందికి దింపుతుంది. స్ప్రింగులు మరీ సడలితే రాపిడే ఉండదు. అందుచేత దాన్ని పూర్తిగా విప్పి, ప్లేట్లను శుభ్రపరచి, తయారీదారు చెప్పిన ఒత్తిడికి స్ప్రింగులను సరిచేసిన తరువాతే ఇంజన్‌ను వేగానికి తీసుకువెళ్ళాలి.